ముందు గది ఎవరిది?

పాతబస్తీలో ఆడపిల్ల పెళ్ళి కుదిరిందంటే తండ్రి చేసే అప్పుల్లో ఒకటి ఫర్నిచర్‌కి. పలంగ్, ఇనప బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, సోఫాసెట్. తలాబ్‌కట్టలో దాన్ని జహేజ్ అంటారు, గౌలిపురాలో సారె సామాను అంటారు. పేరేదైనా వస్తువులు అవే. అందరూ చూస్తుండగా ట్రాలీ ఆటోలో వచ్చి అత్తవారింటి ముందు దిగుతాయి. ఏది ఎక్కడ పెట్టాలో ఆ ఇంటివాళ్ళు చెబుతారు. సోఫా ముందు గదిలోకి పోతుంది, వీధి తలుపు తీస్తే కనబడేటట్టు. ఆ రోజు పెట్టిన చోటి నుంచి చాలా ఇళ్ళల్లో అది మళ్ళీ కదలదు. పిల్లలు పుడతారు, ఇల్లు ఇరుకవుతుంది, ఆమె చేసే కూలిపని ఇంట్లోకి వస్తుంది. అన్నీ సోఫా చుట్టూ సర్దుకుంటాయి. సోఫా మాత్రం దేనికోసమూ సర్దుకోదు.

వస్తువు ఆమెది. దాన్ని ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం ఆమెది కాదు. ఈసారి సంపాదకీయం ఈ తేడా గురించే.

ఇది కూడా హక్కుల పత్రికలో రాసే విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. గది సర్దుకోవడం గురించి చెప్పడానికి వారపత్రికల్లో 'మహిళల పేజీ' ఉంది కదా. ఉంది. పూలకుండీ ఏ మూల పెట్టాలి, కర్టెన్ రంగు గోడ రంగుకి ఎలా కలపాలి అని ఆ పేజీ చెబుతుంది. ఆ సలహాలన్నీ చదివి చూడండి. గదిని చూసే కన్ను ఎప్పుడూ అతిథిదే. గుమ్మంలో నిలబడినవాడికి గది ఎలా కనబడుతుందన్నదే లెక్క. రోజంతా ఆ గదిలో బతికే మనిషి నడుముకి, కళ్ళకి, చేతులకి అది ఎలా ఉందన్న ప్రశ్న అక్కడ రాదు.

మనమూ ఆ ప్రశ్న పెద్దగా వేయలేదు. వంటింటి గురించి స్త్రీవాదులు చాలా మాట్లాడారు. విమల 'వంటిల్లు' కవిత, 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం మనలో ఎంతోమందికి కళ్ళు తెరిపించాయి. పడకగదిలో జరిగే హింస గురించి మాట్లాడాం, చట్టాలు తెచ్చుకున్నాం. ముందు గదిని మాత్రం అలాగే వదిలేశాం. అది ఇంటికి పరువు, మగవాళ్ళ వ్యవహారం అన్నట్టు మనమూ దాని పక్కనించి వంటింట్లోకి నడిచిపోయాం.

పాతబస్తీలో ఈ గదికి ఒక చరిత్ర ఉంది. అసఫ్‌జాహీల కాలంలో ఉమరావులు, జాగీర్దార్లు కట్టుకున్న దేవిడీల్లో ముందు భాగం దీవాన్‌ఖానా. మగవాళ్ళు కొలువు తీరే చోటు. లోపలి భాగం జనానా. ఆ విభజనను మనం మెచ్చుకోనక్కరలేదు. జనానా గోడల వెనక ఎందరు స్త్రీల జీవితాలు కరిగిపోయాయో మనకు తెలుసు. ఆ రోజుల్లో అధికారానికి ఎంత జాగా పట్టేదో చూడాలంటే పురానీ హవేలీకి వెళ్ళాలి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల కోసం కట్టిన రెండంతస్తుల చెక్క బీరువాల వరస ఇప్పటికీ అక్కడ ఉంది. పై అంతస్తుకి వెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా పెట్టారు. ఒక మగవాడి బట్టలకు అంత చోటు!

అయితే ఆ దేవిడీల్లో జనానాకి కూడా ఒక సెహన్ ఉండేది. అంటే లోపలి ఆకాశం, లోపలి వెలుతురు, స్త్రీలు కూర్చుని పని చేసుకునే ఆవరణ. 1949లో జాగీర్దారీ రద్దయింది. తర్వాతి దశాబ్దాల్లో దేవిడీలు అమ్ముడుపోయాయి, వాటాలయ్యాయి, కూలిపోయాయి. ఒక వాకిట్లో పది కుటుంబాలు చేరాయి. వాటాలు పంచుకునేటప్పుడు మొదట పోయింది లోపలి ఆవరణ. దాని మీదే గదులు లేచాయి. కానీ దీవాన్‌ఖానా అన్న ఆలోచన పోలేదు. ఒకటిన్నర గది ఇంట్లో కూడా ముందు గది మగవాళ్ళదే, అతిథులదే. పాత ఏర్పాటులో స్త్రీలకున్న కాస్త వెలుతురు పోయింది, మగవాళ్ళ కొలువు మాత్రం మిగిలింది. శాలిబండ, లాల్‌దర్వాజా, ఉప్పుగూడల్లోని తెలుగు ఇళ్ళ సంగతీ ఇంతే. అరుగులు పోయాయి, పెరళ్ళు పోయాయి. 'హాలు' మిగిలింది.

ఫర్నిచర్ కూడా మారింది. అప్పట్లో నేల మీద చాప, దాని మీద చాంద్నీ పరిచి, గోడకి గావ్‌తకియాలు పెట్టుకునేవారు. భోజనాల వేళకి అదే చోట దస్తర్‌ఖాన్ పరిచేవారు. రాత్రికి పరుపులు వేసుకునేవారు. తెలుగు ఇళ్ళల్లో పీటలు, చాపలు, పొద్దున్నే గోడకి నిలబెట్టే నులకమంచం. చుట్టి పెట్టే, ఎత్తి పెట్టే, అవసరాన్ని బట్టి మారే సామాను అది. ఒకే గదిని రోజుకి నాలుగు రకాలుగా వాడుకునేవాళ్ళు కనిపెట్టుకున్న తెలివి. సోఫాసెట్ వేరే రకం ఇంటి కోసం పుట్టింది. తినడానికి ఒకటి, పడుకోవడానికి ఒకటి, కూర్చోవడానికి ఒకటి అని గదులున్న ఇల్లు అది. అన్నీ ఒకే గదిలో జరిగే ఇంటికి దాన్ని తెస్తే రోజంతా అది ఒకే పని చేస్తుంది. చాలాసేపు ఆ పనీ చేయదు.

పాత రోజులు మంచివని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మకి నేల మీద కూర్చోమని చెప్పలేం. నేను చెప్పేది ఇంతే: ఇరుకు గదికి కదిలే సామాను కావాలి, మనం కదలని సామాను పెట్టుకున్నాం. దాన్ని కూడా ఆడపిల్ల తండ్రి అప్పుతో కొన్నాం.

ఇప్పుడు పని సంగతికి వస్తాను. చార్మినార్ చుట్టుపక్కల అమ్ముడుపోయే మెరుపుల వెనక ఎన్ని ముందు గదులున్నాయో బస్తీల్లో తిరిగే కార్యకర్తలకి చెప్పనక్కరలేదు. జర్దోజీ, మగ్గం వర్క్, లక్కగాజులు, అగరుబత్తీలు, బట్టలు కుట్టడం, పచ్చళ్ళు, పాపడాలు. వీటిలో ఎంతో భాగం ఇళ్ళల్లోనే తయారవుతుంది. చేసేది ఎక్కువగా స్త్రీలు, ఆడపిల్లలు.

నేను చూసిన ఒక ఇల్లు చెబుతాను. వీధి వైపు ఒకే కిటికీ ఉన్న ముందు గది. కిటికీ కింద సోఫా. ఎదురు గోడకి టీవీ. ఆమె కార్చోబ్, అంటే మనం మగ్గం అని పిలిచే చెక్క చట్రం, గదికి రెండో చివర, వంటింటి గుమ్మం పక్కన, వెలుతురు చేరని చోట ఉంది. మనిషి నిలువంత పొడవైన చట్రం అది. నేల మీద కూర్చుని, కాళ్ళు కిందికి చాపి, దాని మీదికి వంగి పనిచేయాలి. ఆరీ పనిలో ఒక చెయ్యి గుడ్డ పైన సూదితో ఉంటే ఇంకో చెయ్యి కింద నుంచి దారం అందిస్తుంది. జరీ తళుకు మీద కళ్ళు నిలపాలి. ఆమె పట్టపగలు బల్బు వేసుకుని కుడుతోంది. ఎవరైనా వస్తే చట్రం ఎత్తి గోడకి ఆనించి లోపలికి పోతుంది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ దించి, బిగువు సరిచూసుకుని మొదలుపెడుతుంది. "సోఫా ఇటు జరిపితే నువ్వు కిటికీ దగ్గర కూర్చోవచ్చు కదా" అని అడిగాను. "అక్కడ మెహ్మాన్లు కూర్చుంటరు కదా ఆపా" అంది. మెహ్మాన్లు ఎన్ని రోజులకోసారి వస్తారని అడిగాను. ఆమె నవ్వింది. ఆమె ఆ గదిలో రోజుకి పది గంటలు కూర్చుంటుంది.

లక్కగాజుల ఇళ్ళల్లో సమస్య ఇంకో రకం. బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించాలి, వేడి చల్లారకముందే గాజుకి చుట్టాలి, ఒక్కొక్క రాయీ అద్దాలి. హైదరాబాద్ లక్కగాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లాడ్‌బజార్ పేరు దేశమంతా వినబడింది, సంతోషమే. కానీ గుర్తింపు గాజుకి వచ్చింది. ఆ గాజు తయారయ్యే గదిలో పొగ పోయే దారి ఎటుందో, కుంపటికి పరుపుల చుట్టకీ మధ్య ఎంత ఎడముందో, పాకే పిల్ల ఎక్కడుందో ఏ గుర్తింపులోనూ లేదు.

ఇక్కడ ఒక ఆర్థిక సూత్రం ఉంది. కార్ఖానా పెట్టేవాడు షెడ్డుకి అద్దె కట్టాలి, కరెంటు బిల్లు కట్టాలి, వెలుతురు, గాలి, మరుగుదొడ్డి చూపించాలి. అదే పని ఇంటికి పంపితే ఇవన్నీ అతనికి మిగులుతాయి. అంటే ఆ స్త్రీ తన శ్రమతో పాటు తన ముందు గదిని కూడా సేటుకి ఉచితంగా ఇస్తోంది. అద్దె ఆమె కుటుంబం కడుతోంది, బల్బు ఖర్చు ఆమెది. గజానికి ఇంత, డజనుకి ఇంత అని కట్టే కూలిలో ఆ అద్దె ఎక్కడా లేదు. ఇంట్లోవాళ్ళేమో ఆ గదిని ఆమె పనిచోటుగా ఒప్పుకోరు. అది కాలక్షేపం, ఖాళీ టైములో చేసుకునే పని అంటారు. సేటుకి అది ఫ్యాక్టరీ కాదు, భర్తకి అది ఆఫీసు కాదు. ఇద్దరి మధ్యా ఆమె నడుము వంగిపోతోంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి పని ఒప్పందాన్ని, 177వ నంబరు ఒప్పందాన్ని ఆమోదించింది. ఇంట్లో కూలిపని చేసేవాళ్ళకి మిగతా కార్మికులతో సమానంగా వేతనం, ఆరోగ్య భద్రత, సంఘం పెట్టుకునే హక్కు ఉండాలని అది చెబుతుంది. అహ్మదాబాద్‌లో 1972లో పుట్టిన సేవా సంఘం దానికోసం ఏళ్ళ తరబడి పోరాడింది. భారతదేశం దాన్ని ధ్రువీకరించలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్‌లో ఇంటి ఆధారిత కార్మికులు ఎవరో నిర్వచించారు. నిర్వచనంలో చోటు దొరికింది. గదిలో చోటు ఇంకా దొరకాలి.

జీతం లేని పని లెక్క కూడా చూద్దాం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్ళే వందలో 26 మంది. చాకిరీ, కూలిపని కలిపితే ఆ ఇంట్లో ఎక్కువసేపు కదిలేదీ వంగేదీ ఎవరో తేలిపోతుంది. ఇల్లు ఎవరి కొలతకి అమర్చాలో కూడా తేలిపోవాలి కదా!

ఇళ్ళని స్త్రీల కదలికను బట్టి అమర్చవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. 1926లో వియన్నా ఆర్కిటెక్ట్ మార్గరెటె ష్యూట్టె-లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహపథకం కోసం ఒక వంటగదిని రూపొందించింది. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో, చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో లెక్కవేసి అల్మారాలు అమర్చింది. అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. కార్మిక స్త్రీల శ్రమ తగ్గించాలన్న ఆమె ఉద్దేశం గొప్పది. తర్వాతి తరం స్త్రీవాదులు దాన్ని విమర్శించారు కూడా. ఆ చిన్న గదిలో ఒక్క మనిషే పట్టేది, ఆ మనిషి ఇల్లాలే అయ్యేది. అంటే అడుగులు తగ్గాయి కానీ పని పంచుకోవడం జరగలేదు. ఈ రెండు పాఠాలూ మనకి కావాలి. కొలత అవసరం. కొలిచేది ఆ గదిలో ఉండే స్త్రీ అయి ఉండాలి.

అందుకని మన బస్తీ సమావేశాలకి ఒక పద్ధతి సూచిస్తున్నాను. ఖర్చు లేదు. సుద్దముక్క, గుప్పెడు చింతగింజలు చాలు. నేల మీద గది బొమ్మ గీయండి. తలుపు, కిటికీ, ప్లగ్గు, నీళ్ళ డ్రమ్ము, సోఫా, మంచం గుర్తుపెట్టండి. ఇంట్లో ఒక్కొక్కరూ నిన్న ఆ గదిలో ఎక్కడ ఎన్ని గంటలున్నారో గంటకో గింజ చొప్పున ఆ చోట పెట్టమనండి. చదువు రానివాళ్ళూ పెట్టగలరు. గింజలు పెట్టడం అయ్యాక ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. వెలుతురున్న చోట నాలుగు గింజలు, చీకటి మూల కుప్ప. ఆ బొమ్మ ముందు అత్తగారు కూడా కాసేపు మాట్లాడకుండా కూర్చోవడం నేను చూశాను.

తర్వాత సర్దడం. మొదటిది వెలుతురు. కిటికీ కింది చోటు కళ్ళతో పనిచేసేవాళ్ళది. కుడిచేత్తో కుట్టేవాళ్ళకి వెలుతురు ఎడమవైపు నుంచి పడాలి, లేకపోతే తన చేతి నీడే తన పని మీద పడుతుంది. సోఫా కిటికీ కింద నుంచి తీసి వీధి తలుపు పక్క గోడకి మార్చండి. ఎక్కువ ఇళ్ళల్లో ఈ ఒక్క మార్పుతోనే సగం పని అయిపోతుంది.

రెండోది దారి. వీధి తలుపు నుంచి వంటింటికి, నీళ్ళ డ్రమ్ముకి, మరుగుదొడ్డికి వెళ్ళే దారిలో ఏమీ అడ్డం ఉండకూడదు. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే బస్తీల్లో బిందె పట్టుకుని టీపాయ్ చుట్టూ తిరిగే అడుగులన్నీ స్త్రీలవే. ఆ టీపాయ్ మీద టీ కప్పులు నెలకి ఎన్నిసార్లు ఉంటాయో, ఆమె మోకాలికి అది ఎన్నిసార్లు తగులుతుందో పోల్చి చూడండి.

మూడోది పర్దా. ఇది జాగ్రత్తగా మాట్లాడాల్సిన సంగతి. పర్దా పాటించాలా వద్దా అన్నది ఆ స్త్రీలు తేల్చుకోవాల్సిన విషయం. బయటి నుంచి వెళ్ళి తీర్పులు చెప్పే అధికారం మనకి లేదు. నా ప్రశ్న వేరు. పరాయి మగవాడు వచ్చినప్పుడు కదలాల్సింది ఎవరు? ఇప్పుడు పని ఆపి లోపలి చీకట్లోకి పోయేది స్త్రీ. అతిథి కుర్చీలు తలుపు పక్కకి మార్చి, ఆ కాస్త భాగానికి అడ్డంగా తీగ కట్టి తెర వేస్తే, వచ్చినవాళ్ళు తెర అవతల కూర్చుంటారు, ఆమె ఇవతల కిటికీ దగ్గర పని చేసుకుంటుంది. మర్యాదకి లోటు లేదు, కూలికీ లోటు లేదు. అలాగే కిటికీకి పైనుంచి కిందిదాకా మందపు పర్దా బదులు కింది సగానికి మాత్రమే తెర వేస్తే వీధిలోవాళ్ళకి మనుషులు కనబడరు, పై సగం నుంచి వెలుతురు వస్తుంది. ఈ ఉపాయాలు నావి కావు, బస్తీ స్త్రీలు చెప్పినవే.

నాలుగోది ఆడపిల్ల చదువు. మగపిల్లవాడికి టేబుల్ లేకపోతే ట్యూషన్ ఉంది, స్నేహితుడి ఇల్లుంది, మసీదు మెట్లున్నాయి, వీధి దీపం ఉంది. ఆడపిల్లకి ఈ గది తప్ప లేదు. గోడకి ఒక మడత పలక బిగించి, పక్కన పుస్తకాలకి ఒక గూడు ఇచ్చి, రాత్రి రెండు గంటలు టీవీ ఆపితే అదే ఆమె బడి. ఆ రెండు గంటలు టీవీ ఎవరు ఆపుతారన్నది ఫర్నిచర్ ప్రశ్న కాదనుకుంటే పొరపాటే. గదిలో ఎవరి అవసరానికి మొదటి స్థానం అన్నదే మన ప్రశ్న.

ఐదోది ఎత్తు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానని పాతబస్తీ మరిచిపోలేదు. ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ మునిగింది. నాలుగైదు రోజులకే గుర్రం చెరువు తెగి హాఫిజ్ బాబా నగర్ మునిగింది. నీళ్ళు తీశాక వీధుల్లో గుట్టలుగా పడ్డవి తడిసిన సోఫాలు, పరుపులు, బీరువాలు. ప్రభుత్వం కుటుంబానికి పదివేల రూపాయల తక్షణ సాయం ప్రకటించింది. ఆ లెక్క మునిగిన ఇంటికి. ఆ ఇంట్లోనే ఉన్న కార్ఖానా, సేటు ఇచ్చిన గుడ్డ, జరీ, కట్టాల్సిన నష్టం అందులో లేవు. పల్లపు బస్తీల్లో రేషన్ కార్డు, నికానామా లేక పెళ్ళి కాగితం, పిల్లల సర్టిఫికెట్లు బీరువా కింది అరలో ఉండకూడదు. ఛాతీ ఎత్తు దాటిన గూట్లో, ప్లాస్టిక్ సంచిలో, ఆమె చేతికి అందేచోట ఉండాలి. వరద రాకపోయినా, రాత్రికి రాత్రి ఇంట్లోంచి గెంటివేసే పరిస్థితి వస్తే అదే సంచి ఆమెకి ఆధారం.

ఆ మాట వచ్చింది కాబట్టి చట్టం సంగతి కూడా చెప్పాలి. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 చట్టం కింద నేరం. దానిమీద మన వైఖరిలో మార్పు లేదు. కానీ ఇప్పటికే వచ్చి కూర్చున్న సామాను ఎవరిదన్న ప్రశ్నకి జవాబు ఉంది. కట్నం వేరేవాళ్ళ చేతికి పోతే మూడు నెలల్లో దాన్ని ఆ స్త్రీకి అప్పగించాలని అదే చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. పెళ్ళిలో వధూవరులకి వచ్చిన కానుకల జాబితా రాసి, సంతకాలు పెట్టి, దగ్గర ఉంచుకోవాలని 1985 నిబంధనలున్నాయి. అదే ఏడాది ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. స్త్రీధనం అత్తవారింట్లో ఉన్నంత మాత్రాన, అందరూ వాడుకుంటున్నంత మాత్రాన అది వాళ్ళదైపోదు. ముస్లిం స్త్రీల విషయంలో 1986 చట్టం 3వ సెక్షన్, పెళ్ళికి ముందూ పెళ్ళిలోనూ తర్వాతా ఆమెకి వచ్చిన ఆస్తి విడాకుల తర్వాత ఆమెకే చెందుతుందని చెబుతుంది. అంటే సోఫా ఆమెదని చెప్పడానికి రుజువు కావాలి, ఆ రుజువు జాబితా. ఎన్ని ఇళ్ళల్లో ఆ జాబితా ఉంది? సామాను ఊరంతా చూస్తుంది, కాగితం ఎవరూ రాయరు.

వస్తువుల మీద హక్కు ఒకటి, చోటు మీద హక్కు ఇంకొకటి. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005 లోని 17వ సెక్షన్, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఇచ్చింది. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా, అద్దెదైనా ఆ హక్కు ఉంది. అత్తమామల పేరున ఉన్న ఇల్లు కూడా దీని కిందికి రావచ్చని 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంటి సామాను అమ్మేయడం, స్త్రీధనాన్ని అన్యాక్రాంతం చేయడం ఈ చట్టం దృష్టిలో ఆర్థిక హింస. ఈ చట్టం ప్రకారం ఆమె ఇంట్లో ఉండవచ్చు. ఇంట్లో ఎక్కడ ఉండాలో ఏ చట్టమూ చెప్పదు. గుమ్మం దాకా చట్టం తీసుకొస్తుంది, గుమ్మం లోపల కిటికీ దాకా మనమే నడవాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. "పది అడుగుల గదిలో ఏం సర్దుతాం, ముందు ఇళ్ళిప్పించండి" అంటారు. న్యాయమైన మాటే. ఇళ్ళ కోసం పోరాటం ఆపమని ఎవరూ అనరు. కానీ ఇచ్చిన ఇళ్ళు చూడండి. తెలంగాణ ప్రభుత్వం కట్టిన రెండు పడకగదుల ఇల్లు 560 చదరపు అడుగులు. ఒక హాలు, రెండు పడకగదులు, వంటిల్లు. ఒక గది ఇంటితో పోలిస్తే అది ఎంతో నయం. కానీ అందులో ఇంట్లో కూలిపని చేసే స్త్రీ ఎక్కడ కూర్చుంటుంది? ఆ ఇళ్ళల్లో చాలా భాగం కొల్లూరులాంటి శివార్లలో ఉన్నాయి. లాడ్‌బజార్ నుంచి సరుకు తెచ్చుకుని మళ్ళీ అప్పజెప్పేవాళ్ళకి ఆ దూరం అంటే ఒక రోజు కూలి. ఇంటిని పనిచోటుగా కూడా చూసే అలవాటు మనకే లేకపోతే ప్లాను గీసేవాళ్ళకి ఎక్కడినుంచి వస్తుంది? సుద్దముక్కతో గీసిన బొమ్మలే రేపు మనం అధికారుల ముందు పెట్టే డిమాండ్‌కి ఆధారం.

ఇంకొక అభ్యంతరం, "ఇంట్లో గొడవలవుతాయి" అని. అవుతాయి. సోఫా మూడడుగులు జరిపితే గొడవ అవుతుందంటేనే అది ఉత్త సోఫా కాదని తెలుస్తోంది. అందుకే ఒక్క స్త్రీని ఒంటరిగా చేయమనకండి. గల్లీలో ఐదారు ఇళ్ళు ఒకే వారంలో మార్చుకుంటే అది ఒక కోడలి మొండితనం కాకుండా వీధిలో వచ్చిన మార్పు అవుతుంది. అత్తగార్లని ఎదుటి పక్షంగా చూడకండి. ఆమె సోఫా కూడా ఒకనాడు ఇలాగే వచ్చింది, ఆమె కూడా చీకటి మూల కూర్చునే కళ్ళు పాడుచేసుకుంది. ఆ గింజల లెక్కలో ఆమె గింజల్ని కూడా పెట్టించండి. కొట్టే మగవాడున్న ఇంట్లో మాత్రం ముందు ఆమె భద్రత చూడండి, సోఫా సంగతి తర్వాత.

ఈ మూడు నెలల్లో కార్యకర్తలు తమ బస్తీలో కనీసం ఐదు ఇళ్ళల్లో ఈ పని చేయాలని కోరుతున్నాను. గది బొమ్మ, గింజల లెక్క, మార్చాక ఆమె ఏమంది, మళ్ళీ పాత చోటికి మార్చేశారా, మారిస్తే ఎవరు మార్చారు అన్నది రాసి పంపండి. పేర్లు అక్కరలేదు. దాంతో పాటు ప్రతి ఇంట్లో సామాను జాబితా ఒకటి రాయించండి. పెళ్ళై ఇరవై ఏళ్ళైనా ఫరవాలేదు. వస్తువు, సుమారు విలువ, ఎవరిచ్చారు, కింద తెలిసినవాళ్ళ సంతకాలు. వచ్చే సంచికలో ఆ బొమ్మలు వేస్తాం. సేట్లతో కూలి రేట్లు మాట్లాడేటప్పుడు గది అద్దె, కరెంటు కలపాలన్న డిమాండ్‌ని వాటితో పాటే ముందుకు తెద్దాం. కూలి రేటు పెరగడానికి ఏళ్ళు పట్టవచ్చు. సోఫా జరపడానికి ఇద్దరు మనుషులు చాలు.